మద్దూరు నీళ్లు, మాల మహిమ, నా మంట

కనిపెట్టేశాను! మీసేవలో కౌంటరు ముందు ఇరవై మంది ఆదాయం సర్టిఫికెట్ల కోసం నిలబడి ఉండగా, సెలవు చీటీ రాస్తూ రాస్తూ కనిపెట్టేశాను. తొమ్మిది నెలలుగా మా అత్తమ్మ, మా అమ్మ, నా మొగుడు, మెడికల్ షాపతను, ఆఖరికి మా గల్లీ మొదట్లో కొబ్బరి బోండాలమ్మే వీరయ్య కూడా తలా ఒక మాట చెప్పి తేల్చలేకపోయిన సంగతి అది. నేను, శ్రీవాణి, డిగ్రీ సెకండ్ క్లాసు, హాజరు పుస్తకం చూసి తేల్చేశాను. కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వరసలో ముందున్న పెద్దాయన తన సర్టిఫికెట్ వచ్చిందనుకుని చెయ్యి చాపాడు.

సంగతేమిటో మొదట్నుంచీ చెప్పాలి, లేకపోతే నాకు పిచ్చనుకుంటారు.

పోయిన వైశాఖంలో నాకూ నరేశ్‌కూ పెళ్లయింది. ఆయనకు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ యాదలక్ష్మి. మామయ్య రాజమల్లయ్య పాతికేళ్ల నుంచీ బీవండిలో మరమగ్గాల మీద పని. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, బయట అరుగు మీద రెండు రాత్రులు పడుకుంటాడు, మళ్లీ బస్సెక్కుతాడు. అత్తమ్మ ఆయనతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పెళ్లయిన వారానికే నాకు మంట మొదలైంది. ఒంటికి పోతే మంట. పోయొచ్చి కూర్చున్నానో లేదో మళ్లీ పోవాలనిపిస్తుంది. పోతే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలకే కళ్లలో నీళ్లు. పొత్తికడుపు ఎవరో పిసికినట్టు నొప్పి. అత్తమ్మ చూసి, "ఉడుకు చేసింది బిడ్డా, గంతే," అని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. వీరయ్య రోజుకో బోండాం కొట్టి పంపాడు. నరేశ్ మెడికల్ షాపులో అడిగి మూడు రోజుల గోలీలు తెచ్చాడు. తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ గోలీలు, మళ్లీ సబ్జా. నోట్లోంచి సబ్జా మొక్కలు మొలుస్తాయేమో అనిపించేది.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కదా, నన్ను మద్దూరుకు మా అమ్మగారింటికి పంపారు. నెలంతా మద్దూరు నుంచే బస్సులో వచ్చి మీసేవలో పని చేసుకుని పోయాను. విచిత్రం, ఆ నెలలో ఒక్కరోజు మంట లేదు! శ్రావణంలో సిద్దిపేటకు తిరిగొచ్చాను. నాలుగో రోజుకు మంట. ఇంకేముంది, అత్తమ్మ తీర్పు చెప్పేసింది.

"ఈ పిల్లకు మన నీళ్లు పడ్తలేవు."

అప్పటి నుంచి వారానికొక ఇరవై లీటర్ల క్యాను మద్దూరు నుంచి బస్సులో రావడం మొదలైంది. మా నాన్న అక్కడ ఎక్కిస్తాడు, నరేశ్ ఇక్కడ దించుతాడు. "ఏందన్నా, మద్దూరుల గంగమ్మ వెలిసిందా?" అని కండక్టరు ఎకసెక్కాలు. నేను ఆ నీళ్లు తప్ప చుక్క ముట్టలేదు. అయినా మంట వచ్చింది. క్యాను సరిగ్గా కడగలేదేమో అని అత్తమ్మ నా మీదే మళ్లింది.

అప్పుడు నరేశ్ కార్తీకంలో అయ్యప్ప మాల వేశాడు. నా కోసమే. నా మొగుడు మంచివాడు, వచ్చిన చిక్కంతా అదే. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, ముందు గదిలో చాప. మాలలో ఉన్న స్వామికి ఆడవాళ్లందరూ మాతలే, పెళ్లాంతో సహా. "మాతా, మంచినీళ్లు పెట్టండి," అనేవాడు నాతో. పెళ్లయి ఏడు నెలలు కాలేదు! మొగుడు మాతా అని పిలిస్తే ఒళ్లు ఎలా మండుతుందో కొత్తగా పెళ్లయిన ఏ పిల్లనైనా అడగండి.

కానీ ఆ నలభై ఒక్క రోజులూ మంట రాలేదు. అత్తమ్మ సంబరం చూడాలి! గల్లీ గల్లీ తిరిగి చెప్పుకుంది. నేనూ దండం పెట్టుకున్నాను. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాడు. మూడో రోజు పొద్దున నేను బాత్రూములో గోడ పట్టుకుని ఏడుస్తున్నాను.

"ఏడ తప్పు జరిగిందిరా?" అని అత్తమ్మ నిలదీసింది. నరేశ్ తల వంచుకుని ఒప్పుకున్నాడు. "వస్తుంటె రైల్ల ఎవరో పకోడి ఇచ్చిన్రు అమ్మా. తిన్నంక చూస్తె ఉల్లిగడ్డ." అంతే, నేరం దొరికింది. నా మంటకు కారణం రైలు పకోడీలో ఉల్లిగడ్డ! ఈసారి తప్పు లేకుండా ఆంజనేయస్వామి మాల వెయ్యాలని, మళ్లీ నలభై ఒక్క రోజులని, మంగళవారం పొద్దున ముహూర్తమని తల్లీకొడుకులు తేల్చేశారు. అదయ్యాక శివ మాల, ఆ తరువాత మళ్లీ అయ్యప్ప. నేనేమో ఏడాది పొడుగునా మాతను.

ఇదిగో, ఆ మంగళవారానికి ముందు రోజు, సోమవారం. ఆదివారం నుంచీ మళ్లీ మంట. సగం పూట సెలవు కావాలంటే మా మీసేవ ఓనరు సుశీలమ్మ హాజరు పుస్తకం ముందుకు తోసి, "ఎన్ని సెలవులైనయో నువ్వే చూసుకో పో," అంది. చూశాను. జ్యేష్ఠంలో రెండు సెలవులు. శ్రావణంలో, భాద్రపదంలో, ఆశ్వయుజంలో వరసగా సెలవులు. ఆషాఢం మొత్తం హాజరు. మాల వేసిన రోజులన్నీ హాజరు. ఆషాఢంలో మద్దూరు నీళ్లన్నారు, మాలలో స్వామి దయ అన్నారు. నీళ్లకూ మాలకూ సంబంధమేమిటి? ఆ రెండిట్లోనూ ఉన్నది ఒకటే, అది మెరిసినట్టు తట్టింది. ఆషాఢంలో నా పక్కన నరేశ్ లేడు. మాలలోనూ నా పక్కన నరేశ్ లేడు!

అందుకే చప్పట్లు కొట్టాను. చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి, ఇప్పుడే కావాలి. మెడికల్ షాపతనికి చెప్పలేను కదా. సరాసరి లేడీ డాక్టరు విజయరాణి గారి దవాఖానకు పోయాను. తొమ్మిది నెలల్లో ఒక్కసారైనా డాక్టరు దగ్గరికి పోలేదేమని మీరు అడగవచ్చు. అడగండి. సిగ్గు, అంతే.

"మేడం, నాకు మంట ఎందుకొస్తుందో నేనే కనిపెట్టిన!" అన్నాను కూర్చోకముందే.

ఆమె కళ్లద్దాలు పైకి జరిపి, "అయితె మందు గూడ నువ్వే రాసుకో," అని నవ్వి, "కూసో, చెప్పు," అంది. అంతా చెప్పాను. క్యాను, పకోడి, మాతా, ఏదీ వదల్లేదు. ఆమె పకోడి దగ్గర నవ్వలేక చచ్చింది. చెప్పడం అయ్యాక మాత్రం నా ఉత్సాహం ఒక్కసారిగా దిగిపోయింది, ఎందుకంటే అప్పుడే ఇంకో మాట తట్టింది.

"మేడం, అంటే మా ఆయనకేమన్న బీమారి ఉన్నట్టా?"

"ఏ బీమారీ లేదు. నీకూ లేదు, ఆయనకూ లేదు." ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. "చూడు. మూత్రం వచ్చే తొవ్వ మొగోళ్లకు పొడుగు, ఆడోళ్లకు మస్తు చిన్నగ. దొడ్డికి పోయే జాగ పక్కనే. ఆడ క్రిములు అందరికుంటయ్, నాకూ ఉంటయ్. భార్యాభర్తలు కలిసినప్పుడు ఆ క్రిములు జరిగి ఆ చిన్న తొవ్వల చొరబడ్తయ్. మూత్రం సంచిల కూసోని పెరుగుతయ్. అదే నీ మంట. కొత్తగ పెండ్లయినోళ్లు వారానికి ఒకలిద్దరు ఇదే మంటతోని వస్తరు నా దగ్గరికి. ఒకళ్ల నుంచి ఒకళ్లకు అంటే రోగం గాదిది, ఖరాబు పని జేస్తె వచ్చేది గాదు, ఉడుకు అంతకన్న గాదు."

"మరి ఆయనకు దూరం ఉండాల్నా?" అన్నాను.

"ఎవలు చెప్పిన్రు? ఇది తగ్గేదాంక ఆగున్రి, గంతే. నాకొక మాట చెప్పు. కలిసినంక లేచి ఒంటికి పోతున్నవా? క్రిములు లోపలికి ఎక్కకముందే మూత్రంతోని బయటికి కొట్టుకపోతయ్."

ఎలా పోతాను? మా ఇల్లు వరసగా మూడు గదులు. ముందు గది, మా గది, వెనక గది. బాత్రూము పెరట్లో. పెరట్లోకి పోవాలంటే వెనక గదిలోంచి పోవాలి, రాత్రయితే వెనక తలుపుకు అడ్డంగా అత్తమ్మ మంచం. దొంగల భయమని ఇరవై ఏళ్ల నుంచీ అక్కడే పడుకుంటుంది. తలుపు తియ్యాలంటే ఆమెను లేపాలి, మంచం జరపాలి, గడియ కిర్రుమంటుంది, "ఏమైంది బిడ్డా ఈ యాల్ల?" అని ఆమె అడుగుతుంది. ఏమని చెప్పను? ఎందుకు లేచానో ఆమెకు తెలిసిపోతుందని సిగ్గుతో చచ్చిపోయి, తెల్లవారేదాకా బిగబట్టుకుని పడుకునేదాన్ని. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా మానేశాను. మద్దూరు నుంచి క్యాన్లకు క్యాన్లు తెప్పించుకున్నదాన్ని!

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చి బల్ల మీద చరిచాను. "మేడం! జనవరిల అత్తమ్మ కోహెడల వాళ్ల తమ్మునింటికి పెండ్లికి పోయింది. నాలుగు దినాలు. ఇంట్ల మేమిద్దరమే. మంచం అడ్డం లేదు. అప్పుడు..."

"అప్పుడు మంట రాలే," అంది ఆమె.

"రాలే!"

"పిల్లా, నువ్వు మీసేవల గాదు, నా దవాఖానల ఉండాల్సినదానివి." ఆమె చీటీ రాస్తూ గట్టిగానే కోప్పడింది కూడా. "కని ఇదొక్కటే జేస్తె మొత్తమే రాదని నేను చెప్ప. కొందరికి జేసినా వస్తది. అట్ల మల్లమల్ల వస్తె రా, దానికి వేరె మందున్నది. మూత్రం పరీక్షకు ఇచ్చి పో. గోలీలు మూడు దినాలకు బంద్ వెట్టుడు గాదు, నేను రాసినన్ని దినాలు వేసుకో. నీళ్లు మంచిగ తాగు, ఏ ఊరి నీళ్లయినా సరే. ఆ కౌంటర్ల పొద్దంత ఆపుకోని కూసోకు. మంటతోని జ్వరం, చలి, నడుంల నొప్పి వస్తె మాత్రం గడియ ఆగకుండ ఉరికి రా."

నేను నడవలేదు, ఉరికాను. మంటతోనే ఉరికాను. నరేశ్ దుకాణంలో మిషను మీద పెద్ద ఫ్లెక్సీ బయటికి వస్తోంది. 'ఆంజనేయ దీక్షా స్వాములకు స్వాగతం' అని, మూలన చేతులు జోడించి నా మొగుడి ఫోటో. మాల ఇంకా మెడలో పడలేదు, ఫ్లెక్సీ మాత్రం తయారు.

చెవి దగ్గరికి పోయి అంతా చెప్పాను. వినేకొద్దీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అంటె నా తోటి ఖరాబేం లేదా?" అన్నాడు మెల్లగా. అంటే ఇన్నాళ్లూ తనలోనే ఏదో తప్పుందని మనసులో నలిగిపోయాడన్నమాట, పిచ్చి మొద్దు! "లేదు బావా, ఏం లేదు," అన్నాను. ఆయన ముఖంలోకి ఎంత వెలుగొచ్చిందో! రెండు నిమిషాలు ఉంది. ఆ వెంటనే ఆరిపోయింది.

"అమ్మకు ఏమని చెప్తవ్?"

"ఉన్నదున్నట్టు చెప్త. మంచం జరుపుమంట."

"నీకేమన్న పిచ్చా? సిగ్గు బోతది! ఎంత, నలభై ఒక్క దినాలే గదా. ఈ ఒక్క మాల ఏసుకుంట. తర్వాత ఎట్లనో అట్ల చూద్దాం."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. కన్నతల్లికి ఒక్క మాట చెప్పలేక నలభై ఒక్క రోజులు చన్నీళ్లు నెత్తిన పోసుకోవడానికి సిద్ధపడ్డ మగవాణ్ణి ఇదే చూడడం. "దేవుని మీద భక్తితోని ఏసుకో, నేనే నీకు పొద్దుగాల లేచి నైవేద్యం వండుత. అమ్మకు భయపడి ఏసుకుంటె మాత్రం ఊకోను. మల్లొక్కసారి మాతా అన్నవనుకో, ఈ ఫ్లెక్సీలనే చుట్టి పెడ్త నిన్ను!" అని బయటికొచ్చేశాను. దుకాణం ముందు టీ తాగుతున్నవాళ్లు నా వైపే చూశారు. చూసుకోనీ.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అత్తమ్మ పెరట్లో రేపటి కోసం కాషాయం లుంగీ పిండుతోంది. దారి పొడుగునా ఎన్ని మాటలు పేర్చుకున్నానో, ఆమెను చూడగానే ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు చెప్పకపోతే రేపు మాల మెడలో పడుతుంది. అనేశాను.

"అత్తమ్మా, నా మంట నీళ్లతోని గాదు, ఉల్లిగడ్డతోని గాదు. మేం ఇద్దరం కలిసినప్పుడల్లా వస్తుంది. డాక్టరమ్మ చెప్పింది, అది బీమారి గాదంట, ఆడోళ్ల శరీరమే అట్లుంటదంట. అయినంక లేచి ఒంటికి పోవాల్నంట. నీ మంచం దాటి పోనీకి నాకు సిగ్గయితుంది. అందుకే పొద్దుగాల దాంక ఆపుకుంటున్న."

ఒక్క ఊపిరిలో. అత్తమ్మ నా వైపు చూడలేదు. లుంగీని మళ్లీ పిండింది, నీళ్లు రాకపోయినా పిండింది. తిడుతుందనుకున్నాను.

"బీమారి గాదన్నదా?" అంది.

"గాదంట."

"మొగుడు యాడినుంచో తెచ్చి అంటిస్తెనే వస్తదని గాదా?"

"గాదత్తమ్మా. ఎంత మంచిగున్నోళ్లకైనా వస్తదంట."

"లేచి పోసుకొస్తె తక్కువైతదన్నదా?"

"మస్తు ఫరక్ ఉంటదన్నది."

ఆమె లుంగీ తీగ మీద పడేసి లోపలికి పోయింది. మరుక్షణం గర్రుమని చప్పుడు. పరుగెత్తుకు పోతే, అత్తమ్మ ఒక్కతే మంచం కోడు పట్టుకుని లాగుతోంది. నేను రెండో వైపు పట్టాను. మంచాన్ని మా గదిలోంచి ముందు గదిలోకి చేర్చాం. ఇరవై ఏళ్లు ఆ వెనక గది దాటని మంచం కోళ్లు ఒరిసిన చోట గచ్చు మీద నాలుగు తెల్లని గీతలు మిగిలాయి. ఆమె వంటగూట్లోంచి నూనె డబ్బా తెచ్చి గడియలో పోసింది. రెండుసార్లు తీసి వేసి చూసింది. చప్పుడు లేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది!

"దొంగల భయమని చెప్పిన అందరికి," అంది, గడియ మీది చెయ్యి తియ్యకుండా. "దొంగలెవలు వస్తరు బిడ్డా మనింటికి? ఏమున్నదని వస్తరు?"

"మరి మంచం ఎందుకు అడ్డమేసినవత్తమ్మా?" అన్నాను.

"మీ మామ బీవండి నుంచి వస్తె పండుగ లెక్కుండేది నాకు. కని వచ్చిన మూడోనాటికి ఇదే మంట. నీ లెక్కనే గోడ వట్టుకొని ఏడ్సేదాన్ని. ఆయన పోతె తగ్గేది, వస్తె మల్ల వచ్చేది. ఊర్లె ఆడోళ్లన్నరు, బీవండిల మొగోళ్లు మంచిగుండరు, ఏదో తెచ్చి అంటిచ్చిండు అని. నేను నమ్మిన. ఆయనను ఒక్క మాట అడగలే. మంచం తెచ్చి ఈడ అడ్డమేసుకొని, నువ్వు అరుగు మీద పండు అన్న. ఎందుకని ఆయన గూడ అడగలే. నేను గట్లెందుకన్ననో ఇరవై ఏండ్ల సంది ఆయనకు తెల్వదు."

నేను పోయి ఆమె భుజం పట్టుకున్నాను. అప్పటిదాకా గంతులేస్తున్న నా ప్రాణం ఉసూరుమంది. నాకు తొమ్మిది నెలలు పోయాయని కదా నేను ఊరంతా చిందులు తొక్కుతున్నది.

అప్పుడే బయట బండి ఆగింది. నరేశ్ దొంగలా తొంగిచూశాడు. ముందు గదిలో తల్లి మంచం చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"రేపు గుడికి పోయి నూటెనిమిది చుట్లు తిరిగి, కొబ్బరికాయ కొట్టి రా," అంది అత్తమ్మ. "మాల నీ మనసుకు అనిపిచ్చిననాడు ఏసుకో. ఇప్పుడొద్దు."

"ఎందుకమ్మా?" అన్నాడు ఏమీ తెలియనట్టు.

"ఎందుకో నీకు తెల్వదా? పో, కాళ్లు కడుక్కో."

ఆయన నన్ను చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన పెరట్లోకి పోతూ పోతూ గడియ ముట్టుకుని చూసి, మళ్లీ చెవులదాకా ఎర్రబడ్డాడు.

అత్తమ్మ కొత్త చోట మంచం మీద కూర్చుంది. కాసేపు కాళ్లు ఊపింది. తరువాత చెయ్యి చాపి, "నీ ఫోనియ్యి. మీ మామకు కలుపు," అంది. కలిపి ఇచ్చాను. అటు నుంచి మగ్గాల మోత, ఆ మోతలో మామయ్య గాభరా.

"ఏమైంది? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. ఉగాదికి వస్తున్నవా?"

"వస్త. రెండు దినాలకు."

"ఎక్కువ దినాలు ఉండెటట్టు రా."

"ఎందుకు? పనేమన్న ఉన్నదా?" అన్నాడు మామయ్య, మగ్గాల మోతకు గొంతు పెంచి.

అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పనేం లేదు. నీకొక ముచ్చట చెప్పాలె. రా."